దర్జీ పేరున్న బిళ్ళ, దేవుడి బొమ్మున్న దొంగ కాసు



మొన్నీమధ్య మా బంధువుల ఇంట ఒక శుభకార్యం జరిగినది. భోజనాలైన పిదప పెద్దలమందరం వసారాలో చేరబడి లోకాభిరామాయణం చెప్పుకొంటున్నాము. ఆస్ట్రేలియాలో ఉద్యోగం చేస్తున్న కుఱ్ఱవాడొకడు, నాకు వరుసకు మనుమడు, తన ఇంటి ప్రక్కన నివసించే ఒక తెల్ల ముసలాయన వ్యసనాన్ని గురించి చెప్పినాడు. నూటయాభై, నూటడెబ్బై యేండ్ల క్రిందట అక్కడి బట్టల కొట్లవారూ దర్జీలూ తమ పేర్లతో వేయించుకొన్న రాగిబిళ్ళలను ఆయన సేకరిస్తాడట. "ఒక్క బిళ్ళ కోసం వేలంపాటలో నా నెల జీతమంత పోసినాడు తాతయ్యా!" అన్నాడు.

వసారా అంతా గొల్లుమన్నది. "దర్జీ బిళ్ళకా అంత సొమ్ము!" అని ఒకరు. "పాపం, వాళ్ళకు చెప్పుకోవటానికి చరిత్ర లేదు. దర్జీల బిళ్ళలు ఏరుకొంటున్నారు. మనకు శాతవాహనులున్నారు, కాకతీయులున్నారు, రాయలవారున్నారు" అని ఇంకొక పెద్దమనిషి మీసం సవరించుకొన్నారు.

ఆ నవ్వులో నేను పాలుపంచుకొనలేకపోయినాను. కారణం ఉన్నది. అంతకు రెండు వారాల ముందే నా పూర్వ విద్యార్థి ఒకడు, నలభై దాటిన రైతు, మా ఇంటికి వచ్చి చేతిరుమాలులో మూటగట్టిన ఒక బిళ్ళను తీసి నా ముందు పెట్టినాడు.

"మాస్టారూ, ఇది ఒక్కసారి చదివి చెప్పండి."

ఒక వైపు శ్రీరామ పట్టాభిషేకం. రెండవ వైపు ఇంగ్లీషులో ఈస్టిండియా కంపెనీ అనీ, అర అణా అనీ, 1818 అనీ ఉన్నవి.

"ఎంతకు కొన్నావురా?" అని అడిగితిని. వాడు తల వంచుకొన్నాడు. దాళ్వా ధాన్యం అమ్మిన సొమ్ము, పైన చేబదులు తెచ్చినది, మొత్తం రెండు లక్షల పైచిలుకు. దీనికి దైవశక్తి ఉన్నదనీ, బియ్యపు గింజలను దగ్గరకు లాగుకొంటుందనీ, విదేశాలవాళ్ళు కోట్లు పెట్టి కొంటారనీ నమ్మబలికి, వాడి కండ్లముందే గింజలు కదిలించి చూపించి అంటగట్టినారట. కొనే పెద్దమనిషి మాత్రం ఆనాటి నుండి ఈనాటి వరకు అయిపు లేడు.

ఇప్పుడు చెప్పండి. పేరూ ఊరూ వృత్తీ స్పష్టంగా చెక్కి ఉన్న దర్జీ బిళ్ళను, అది దర్జీ బిళ్ళే అని తెలిసి, చదివి, కొన్న ఆ తెల్ల ముసలాయన వెఱ్ఱివాడా? ఏ రాజూ ఏ కంపెనీ ముద్రింపని బిళ్ళను, దానిమీద ఏమున్నదో కూడ చదువకుండా, పంట సొమ్ము పోసి కొన్నవాళ్ళమూ, అటువంటివాళ్ళను చూస్తూ ఊరకున్నవాళ్ళమూ అయిన మనం వెఱ్ఱివాళ్ళమా?

నా వాదం ఒక్కటే. నాణెమంటే లోహం కాదు, వ్రాత. చదివినవాడు సేకర్త. చదువనివాడు పోగేసేవాడు. పోగేసేవాడు ఏదో ఒకనాడు మోసపోతాడు.

మొదట ఆ దర్జీల సంగతి చూద్దాము. నవ్వినవారికి వారి కథ తెలియదు.

బిళ్ళలు వేయించుకొనటం వారికి సరదా కాదు. చిల్లర కరువు వారిచేత ఆ పని చేయించినది. ఆస్ట్రేలియాలో 1851లో బంగారు గనులు బయటపడినవి. జనం ఓడలమీద ఓడలుగా వచ్చి పడ్డారు. చేతిలో బంగారపు ముక్క ఉన్నది కాని దారపుండ కొంటే తిరిగి ఇవ్వటానికి రాగి చిల్లర లేదు. ఆ దేశపు ప్రభుత్వాలు చేయలేని పనిని వర్తకులు చేసినారు. మెల్‌బోర్న్‌లో 1849లోనే మొదలైన ఈ పద్ధతి గనుల కాలంలో విరగబడినది. ఇంగ్లండులోని బర్మింగుహాముకు వ్రాసి, తమ పేరు, తమ వీధి, తమ వ్యాపారం చెక్కించి, పెన్నీ, అరపెన్నీ బిళ్ళలను పీపాలతో తెప్పించుకొన్నారు. విక్టోరియాలో 1863లోను, న్యూ సౌత్ వేల్సులో 1868లోను వీటిని నిషేధించేదాకా అక్కడ కూలివాడి జేబులో గలగలలాడినవి ఇవే.

అమెరికాలోనూ ఇదే కథ. అంతర్యుద్ధ కాలంలో, 1862లో, జనం నాణేలను దాచివేయగా చిల్లర మాయమైనది. బార్బర్లు, రొట్టెల కొట్లవారు, దర్జీలు సెంటు పరిమాణంలో తమ తమ బిళ్ళలను వేయించినారు. 1864లో చట్టం చేసి ఆపవలసి వచ్చినది. ఇంగ్లండులో 1817 నాటి చట్టంతో వర్తకుల బిళ్ళలకు చిల్లరగా చెల్లుబాటు పోయినా, దర్జీల దుకాణాలు అదే ఆకారంలో ప్రచారపు బిళ్ళలను పంచుతూనే వచ్చినవి.

ఇప్పుడు ఒక్కొక్క బిళ్ళను చదవండి. హోబర్ట్ పట్టణంలో లూయిస్ అబ్రహామ్స్ అనే బట్టల వర్తకుడు 1855 తేదీతో బిళ్ళ వేయించినాడు. అదే ఊరిలో ఆండ్రూ మేథర్ అనే ఆయన తాను కుటుంబాలకు బట్టలమ్మేవాడినని చెప్పుకొన్నాడు. బ్రిస్బేను, రాక్‌హాంప్టన్లలో స్టూవర్ట్, హెమంట్ అనే భాగస్వాముల కొట్టు. మళ్ళీ హోబర్టులోనే విలియం ఆండ్రూ జార్వీ. తాకట్టు వ్యాపారమూ బట్టల అంగడీ కలిపి నడిపినవాడు. ఈ జార్వీ తరువాత న్యూజీలాండు చేరి, భార్యకు విషం పెట్టి చంపిన నేరానికి 1865లో డునెడిన్‌లో ఉరికంబమెక్కినాడు. అతడి పేరున్న రాగిబిళ్ళ మాత్రం నేటికీ సేకర్తల పెట్టెలలో ఉన్నది. రాజుల నాణేలమీద ఉన్నవన్నీ బిరుదులు. ఈ బిళ్ళలమీద ఉన్నవాళ్ళు మనుషులు. మంచివాడున్నాడు, హంతకుడున్నాడు, దివాలా తీసినవాడున్నాడు. ఆ ముసలాయన ఒక బిళ్ళ కొని, పాత పత్రికలు తిరగవేసి, ఆ కొట్టు ఏ వీధిలో ఉండెనో, ఏ ఏటివరకు ఉండెనో వెదకుకొంటాడట. ఆ పని వెఱ్ఱి అయితే శాసనాలు చదివిన మన పెద్దలందరూ వెఱ్ఱివాళ్ళే.

"బాగుందండీ, ఎక్కడి హోబర్టు, ఎక్కడి గుడ్లవల్లేరు! ఆ దర్జీలు మనకేమవుతారు?" అంటారేమో. అదే చెప్పబోతున్నాను. దూరం లేదు. గుడ్లవల్లేరులో రైలెక్కితే పెడన దాటి బందరు చేరేంత దూరమే.

మన ప్రాంతంలో ఒక బట్టల వర్తకుడు, సాక్షాత్తు బట్టల వర్తకుడే, తన గుఱుతుతో రాగిబిళ్ళలు కొట్టించి మన పూర్వుల చేతులలో పోసినాడు. ఆ వర్తకుడి పేరు ఈస్టిండియా కంపెనీ.

1611లో ఇంగ్లీషువాళ్ళు బందరు రేవులో దిగినది ఏమి కొనటానికి? బట్టలు. మన కలంకారీ అద్దకాలు, మన నేత. అంతకు ముందే డచ్చివాళ్ళు వచ్చినదీ అందుకే. కొన్న బట్టను మూటలు కట్టి ఓడకెక్కించేటప్పుడు ఆ మూటలమీద కంపెనీ గుఱుతు వేసేవారు. హృదయాకారం, దానిని విభజించే గీతలు, ఆ గదులలో కంపెనీ పేరులోని పొడి అక్షరాలు, పైన నాలుగు అంకె వంటి చిహ్నం. మన దేశపు అద్దకపు బట్టల వెనుక వైపున ఈ ముద్ర ఉన్నవి నేటికీ లండను మ్యూజియములో ఉన్నవి.

1759లో బందరు కోట ఫ్రెంచివారి చేతినుండి ఇంగ్లీషువారి చేతిలో పడినది. 1765 నాటి మొగలు ఫర్మానా, ఆ మరుసటి ఏట నిజాముతో ఒడంబడిక, వీటితో ఉత్తర సర్కారులు కంపెనీ వశమైనవి. వర్తకుడు ప్రభువైనాడు. అప్పటికి మన ఊళ్ళలో చెల్లుతున్న చిల్లర 'డబ్బు'. మందంగా, మొరటుగా, అచ్చు సగం బిళ్ళమీద పడి సగం బయటికి పోయిన రాగిముద్దలు. బందరు టంకసాలలో పారసీ అక్షరాలతో కొట్టినవి వాటిలో ఉన్నవి. మనం ఈనాడు సర్వసంపదకూ వాడే 'డబ్బు' అనే మాట అప్పుడు ఆ ఒక్క రాగినాణెపు పేరు. కోటీశ్వరుడికి డబ్బున్నదంటున్నామంటే, తెలియకుండానే ఆ రాగిముద్దను తలచుకొంటున్నాము.

1794లో కంపెనీ ఉత్తర సర్కారుల కోసమని ప్రత్యేకంగా రాగినాణేలు కొట్టించినది. ఎక్కడ? బర్మింగుహాములో, మాథ్యూ బౌల్టన్ అనే ఆయన ఆవిరి యంత్రాల టంకసాలలో. అరవై యేండ్ల తరువాత ఆస్ట్రేలియా బట్టల వర్తకులకు బిళ్ళలు చేసి పంపినది ఈ ఊరే. ఒక వైపు కంపెనీ రాజచిహ్నం, రెండవ వైపు తేదీతో పాటు అదే హృదయాకారపు బట్టలమూట గుఱుతు. దాని విలువను ఇంగ్లీషులో చెక్కినారు. నలభైయెనిమిది అయితే ఒక రూపాయి. అనగా అణాకు మూడు చొప్పున. దానిలో సగానికి తొంబదియారు అయితే ఒక రూపాయి అనే చిన్న బిళ్ళ. మరల 1797 తేదీతోనూ వచ్చినవి.

ఒక్క క్షణం ఆలోచించండి. ఒక దేశాన్ని ఏలుతున్నవాడు తన నాణెంమీద సింహాన్నో వరాహాన్నో కాక, బట్టల మూటలమీద కొట్టే గుఱుతును వేసినాడు. పెడన నేతగాడు తన బట్టపై చూచిన గుఱుతూ, అమ్మగా వచ్చిన రూపాయిని మార్చుకొంటే చేతిలో పడిన చిల్లరమీది గుఱుతూ ఒక్కటే. మన చరిత్రలో ఇంతకంటె నిజం పలికిన నాణెం నాకు కనబడలేదు. వర్తకుడే రాజైన సంగతిని చరిత్ర పుస్తకం ఒక అధ్యాయంలో చెబుతుంది. ఈ బిళ్ళ ఒక్క గీతలో చెబుతుంది. వసారాలో నవ్విన పెద్దమనిషిగారికి మనవి చేసేది ఇదే. దర్జీ బిళ్ళలు ఇతరుల చరిత్ర కాదండీ. మనమే ఒక బట్టల వర్తకుడి బిళ్ళ కింద నూరేండ్లు బ్రతికినవాళ్ళము.

మరి ఆ బిళ్ళలేవి? మన కృష్ణా, గుంటూరు, గోదావరి మండలాలలోనే తిరిగినవి కదా! తిరిగినవి. పెరటిచెట్టు మందుకు పనికిరాదు. కొన్ని పిల్లల మొలతాళ్ళకు చిల్లులు పొడిపించుకొన్నవి. కొన్ని చెంబులూ గిన్నెలూ అయినవి. మిగిలినవి పాతసామాన్లవాడి తక్కెటలోకి, అక్కడినుండి కొలిమిలోకి పోయినవి, పోతున్నవి. రాగి కిలో ఎంత అనే లెక్క తప్ప దానిమీద వ్రాత ఎంత అనే లెక్క మనకు లేదు.

ఇతరులను నిందించటానికి ముందు నా తప్పు ఒప్పుకొంటాను. ఉద్యోగంలో చేరిన క్రొత్తలో పాఠశాల ప్రదర్శన కోసం మా నాయనమ్మ ఇత్తడి చెంబులో ఉన్న పాత నాణేలను పట్టుకొనిపోదలచినాను. నల్లగా ఉన్నవని రాత్రి చింతపండులో నానవేసి, ఉదయం ఇసుకతో తోమినాను. తళతళ మెరిసినవి. అందులో ఒక మందపాటి బిళ్ళమీద ఏవో పారసీ గీతలుండేవి. తోముడుతో అవి పోయినవి. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి మెరుపును మెచ్చుకొన్నారు. అది బందరు డబ్బై ఉండవచ్చునని ఇరవై యేండ్ల తరువాత తెలిసినది. భాషోపాధ్యాయుడినై ఉండి, అక్షరాన్ని నా చేతులతో నేనే చెరిపినాను. ఛందస్సు నేర్చినవాడికి ఆ రెండు గీతలు అక్షరాలని తోచలేదు. ఈ వ్యాసం వ్రాయటానికి సగం కారణం ఆ చింతపండే.

ఇక ఆ దొంగ కాసుల సంగతికి వస్తాను.

1818 తేదీతో, కొన్నిటిమీద 1616 అనీ 1717 అనీ తేదీలతో, రాముడు, హనుమంతుడు, లక్ష్మి బొమ్మలతో కంపెనీ పేరున్న బిళ్ళలు ఊరూరా తిరుగుతున్నవి. అవి కంపెనీ నాణేలు కావు. కొంచెం చదివితే చాలు, ఆ సంగతి తెలియటానికి పాండిత్యం అక్కరలేదు. 1616లో కంపెనీకి ఈ దేశంలో ఉన్నవి గిడ్డంగులు. దేశమంతటికీ అణాల లెక్కన నాణేలు కొట్టే అధికారం దానికెక్కడిది? 1818 నాటికి మన చెన్నపట్టణపు రాజధానిలో చెల్లుతూ వచ్చినవి వరహాలు, రూకలు, కాసులు. సరిగ్గా ఆ ఏటనే వరహాను తొలగించి రూపాయిని ప్రమాణం చేసినారు. కంపెనీ పాలిత ప్రాంతమంతటికీ ఒకే తీరు రూపాయి, దానికి తగిన రాగి చిల్లర వచ్చినది 1835 చట్టంతో. ఈ రెండు తేదీలు తెలిస్తే నా విద్యార్థి ధాన్యం సొమ్ము ఇంట్లోనే ఉండేది.

"అయితే దేవుడి బొమ్మలను తెల్లవాడు ఎన్నడూ వేయలేదంటారా?" అని ఒకరు నిలదీసినారు. ఆ మాట నేననను. వేసినాడు. చెన్నపట్టణపు బంగారు వరహాలమీద స్వామివారున్నారు. 1807, 1808 ప్రాంతాలలో కొట్టిన వెండి అరవరహామీద ఒక వైపు గోపురం, మరొక వైపు విష్ణుమూర్తి. ఆ నాణెంమీద ఇంకొకటి కూడ ఉన్నది. తెలుగు అక్షరాలు! ఇంగ్లీషు, పారసీ, అరవం, వాటి సరసన తెలుగులో ఆ నాణెపు విలువ. దొర టంకసాలలో తెలుగు ఒత్తులు చెక్కినవాడెవడో, ఆ అక్షరాలు వ్రాసి ఇచ్చిన మన ద్విభాషి ఎవడో! అటువంటి అసలు నాణెం ఒకటి ఉన్నదని మన తెలుగువాళ్ళలో ఎందరికి తెలుసు? దైవభక్తిచేత కొంటున్నామనేవారు ఆ గోపురం నాణెం కోసం ఎందుకు వెదకరు? కారణం స్పష్టం. ఆ నాణెం బియ్యం లాగదు.

అసలు రాగి బియ్యాన్ని లాగదు. అయస్కాంతం ఇనుమును లాగుతుంది. బియ్యానికి ఇనుపరజను పట్టించి, బిళ్ళలోనో బల్ల క్రిందనో అయస్కాంతం దాచినవాడు గింజలను కదిలించగలడు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి చెప్పే పాఠమిది. ఆ పాఠం చెప్పిన మా సామాన్యశాస్త్రపు మాస్టారి తరగతిలోనే వాడూ కూర్చున్నాడు! పోలీసువారు రైస్ పుల్లింగ్ పేరుతో ముఠాలను పట్టుకొన్న వార్తలు ఏటేటా వస్తూనే ఉన్నవి. జనం మోసపోతూనే ఉన్నారు. గొఱ్ఱె కసాయివాడినే నమ్ముతుంది.

రామటంకాలను నేను తూలనాడటం లేదు. యాత్రకు పోయినవారు పూజామందిరంలో పెట్టుకొనటానికి తెచ్చుకొనే బిళ్ళలకు పెద్ద చరిత్ర ఉన్నది. అవి తాము నాణేలమని చెప్పుకోవు. మన బందరు ప్రక్కనే చిలకలపూడి ఉన్నది. అక్కడి గిల్టునగ దేశమంతా ధరిస్తున్నది. అది గిల్టు అని చెప్పి అమ్ముతారు, గిల్టు అని తెలిసి కొంటారు. అందులో మోసం లేదు, పనితనం ఉన్నది. చిలకలపూడి నగ నిజాయితీగల నకిలీ. 1818 బిళ్ళ తేదీ దగ్గరే అబద్ధమాడే నకిలీ. ఈ రెంటికీ ఉన్న భేదం వ్రాతలో ఉన్నది, లోహంలో లేదు.

వెల మాటకు వస్తే మన తెలివి ఇంకా బయటపడుతుంది. 1809 జనవరిలో అడ్మిరల్ గార్డనర్ అనే కంపెనీ ఓడ చెన్నపట్టణానికి బయలుదేరి, ఇంగ్లండు తీరంలోనే ఇసుకతిన్నెలపై మునిగినది. అందులో మన కోసం 1808 తేదీతో కొట్టించిన పదికాసుల, ఇరువదికాసుల రాగినాణేలు పీపాలకొద్దీ ఉన్నవి. 1980ల దశకంలో గజ ఈతగాళ్ళు దిగి వాటిని లక్షల సంఖ్యలో పైకి తీసినారు. రెండువందల యేండ్లు దాటిన అసలు కంపెనీ నాణెం, మన రాజధానికి రావలసి దారిలో మునిగినది, నేడు బజారులో ఒక పంచె వెలకో రెండు పంచెల వెలకో దొరుకుతుంది. ఎన్నడూ పుట్టని నాణెం మాత్రం రెండు లక్షలు! అసలుకు వెల తక్కువ కావటం వలన కాదు నా దుఃఖం. అసలు ఏదో అడిగేవాడే లేనందువలన.

ఒక మంచి ఉదాహరణ కూడ చెప్పుకొందాము. కరీంనగరం వైపు గోదావరి ఒడ్డున కోటిలింగాల అనే ఊరున్నది. వర్షాలకు మట్టి కరిగి బయటపడిన నాణేలను అక్కడివారు ఏరేవారు. ఆ నాణేలు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి కంట పడినవి. ఆయన వాటిని తూచలేదు, చదివినారు. శాతవాహన వంశకర్త సిముకుని పేరు వాటిమీద కనబడినది. పురాణాలలో ఒక పేరుగా ఉన్నవాడు రాగిబిళ్ళమీద మనిషై నిలిచినాడు. ఆ నాణేలు బంగారం కావు. వాటిని ఎవరూ చదువకపోతే అవి కూడ చెంబులై ఉండేవి. శాతవాహనులున్నారని మీసం సవరించుకొన్న పెద్దమనిషిగారూ, ఆ శాతవాహనుడిని మీకు ఇచ్చినది రాగి కాదు. చదువరి కన్ను.

మన భాషలోనే ఈ సత్యం దాగియున్నది. నాణెము, నాణ్యము, ఈ రెండూ ఒక్క కుదురు మాటలు. మన నిఘంటువులలో నాణ్యమనే మాటకు నాణెమనే అర్థమూ ఉన్నది, మేలిమి అనే అర్థమూ ఉన్నది. నాణ్యం చూడకుండా నాణెం కొనటం మాటకే విరుద్ధం.

అయితే ఏమి చేయమంటారు? పెద్ద పనులేమీ చెప్పను.

పాత బిళ్ళ చేతికి వస్తే తోమకండి. చింతపండు, నిమ్మచెక్క, పీతాంబరి పొడి, ఏదీ దగ్గరకు రానీయకండి. నలుపు మురికి కాదు, అక్షరానికి కవచం. రెండు వైపులా పగటివెలుతురులో ఛాయాచిత్రం తీయండి. కంసాలి త్రాసులో బరువు, స్కేలుతో అడ్డుకొలత చూచి వ్రాసి పెట్టండి. ఎక్కడ దొరికినది, ఎవరింటిది, ఆ ఇంట దానిని ఏమని పిలిచేవారు, ఇవి మరీ ముఖ్యం. పారసీ తెలియకపోతే తెలిసినవారికి చూపండి. దున్నుతుండగా భూమిలో దొరికితే 1878 నాటి నిక్షేపాల చట్టం ఉన్నది, కలెక్టరుకు తెలియజేయవలె. నూరేండ్లు దాటినదానిని దేశం దాటించటం 1972 చట్టం ప్రకారం నేరం. "విదేశీయుడు కోట్లకు కొంటాడు" అని ఎవడైనా చెబితే, ఆ ఒక్క మాటకే వాడిని వాకిటినుండే పంపివేయవచ్చును.

చివరగా దర్జీల దగ్గరకే మళ్ళీ వస్తాను. "మన దర్జీలు బిళ్ళలు వేయించలేదు కదా" అని వసారాలో మా మనుమడు అడిగినాడు. రాగితో వేయించలేదు. గుడ్డతో వేయించినారు.

మీ ఇంట్లో పాత చొక్కా ఉంటే తీసి కాలరు లోపలివైపు చూడండి. వ్రేలెడు పట్టీ ఒకటి కుట్టి ఉంటుంది. దానిమీద దర్జీ దుకాణం పేరు, ఊరి పేరు ఉంటవి. గుడివాడ, బందరు, అవనిగడ్డ. హోబర్టు వర్తకుడు రాగిమీద చెక్కించినది సరిగ్గా ఇదే. నేనెవరిని, నా పనేమిటి, నా ఊరేది. ఆ పట్టీ కుట్టిన దుకాణాలు ఒక్కొక్కటే మూతపడుతున్నవి. తయారు దుస్తుల సంచులమీద ఎక్కడో ఉన్న కంపెనీ పేరు ఉంటుంది కాని మన వీధి పేరు ఉండదు. మళ్ళీ బట్టల మూట గుఱుతే రాజ్యమేలుతున్నదన్నమాట.

నేను ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి ఇనుపపెట్టె తెరిచినాను. నా పెండ్లినాటి చొక్కా ఒకటి మిగిలి ఉన్నది. కాలరు పట్టీమీది దారపు అక్షరాలు సగం చెరిగినవి కాని దుకాణం పేరు చదవవచ్చును. ఆ దర్జీ కీర్తిశేషుడైనాడు. ఆయన కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. పట్టీని కత్తిరించలేదు, ఉతకలేదు. ఛాయాచిత్రం తీసి, ఆయన పేరు, కొట్టు ఉండిన చోటు, తెరిచినది ఏ ఏడో నాకు తెలిసినంతవరకు, ఒక నోటు పుస్తకంలో వ్రాసినాను. మొదటి పుట అది.

నా విద్యార్థి మొన్న మళ్ళీ వచ్చినాడు. పోయిన సొమ్ము రాలేదు, వచ్చే జాడ కూడ లేదు. పోలీసులకు ఫిర్యాదు వ్రాసి ఇవ్వమన్నాడు, వ్రాసి ఇచ్చినాను. వెళ్ళేముందు ఆ దొంగ కాసును నా బల్లమీద పెట్టి, "దీన్ని మీరే ఉంచండి మాస్టారూ, ఇంట్లో ఉంటే మా ఆవిడ ఏడుస్తోంది" అన్నాడు. ఉంచినాను. దాని ప్రక్కన ఒక చీటీ కూడ వ్రాసి పెట్టినాను. ఎప్పటిది, ఏమని అబద్ధమాడుతున్నది, ఎంత ధాన్యం తిన్నది.

మిత్రులారా, మీ మీ ఇండ్లలో చెంబుల అడుగున, కాలర్ల వెనుక ఏమేమి వ్రాతలున్నవో ఒకసారి చూడండి. చూచినది వ్రాయండి. నవ్వేవారిని నవ్వనీయండి.

స్వస్తి.